మెయిన్‌ఫ్రేమ్ పద్ధతిలో డాక్యుమెంట్ తయారుచేసి ముద్రించడం: కాగితంతో మొదలుపెట్టి

నా మొదటి ఉద్యోగంలో నేను ముద్రించిన మొదటి రిపోర్టు మూడు పేజీలు రావాలి. నలభైకి పైగా వచ్చింది. అందులో ఒక జాబితా ఉండేది, ప్రతి లైనూ ఒక సంవత్సరంతో మొదలవుతుంది: 1957, 1958, అలా. కాగితం మీద మాత్రం ఒక్కో పేజీ నెత్తిన "957" అని ఒక లైను, కింద అంతా ఖాళీ. తర్వాతి పేజీలో "958". ఆపరేటర్ ఆ కట్టంతా తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, "ఏం బాబూ, కాగితాలు చెట్టుకు కాస్తున్నాయా?" అన్నాడు.

అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్స్ (పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్లు) కోర్సు చేసి వచ్చినవాణ్ణి. కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చు, ఏ పని ఎలా నడపాలో మెషీన్‌కి చెప్పే జేసీఎల్ వచ్చు. ప్రింటర్ మాత్రం రాదు. ఆ 1 ఎక్కడికి పోయిందో, పేజీ ఎందుకు మారిందో అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. కారణం కింద ఆరో మెట్టులో చెబుతాను. ఈలోగా, 1960లు, 70లలో ఒక డాక్యుమెంట్ టైప్ అయి, సర్దుకుని, కాగితం మీదికి ఎలా వచ్చేదో మీరే మీ లాప్‌టాప్ మీద చేసి చూడొచ్చు. అన్ని మెట్లూ ఇక్కడున్నాయి. ఒక ఆదివారం చాలు.

ఒక చిన్న మాట. కమాండ్లన్నీ కీబోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. ఇక్కడ మాత్రం పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. ".ఎస్‌పి" అని కనిపిస్తే చుక్క, ఆపైన ఆ రెండు అక్షరాలు అన్నమాట.

ముందుగా సమకూర్చుకోవాల్సినవి

రెండే రెండు. ఒకటి ఎన్‌రాఫ్ అనే ఫార్మాటర్, అంటే రాతను లైన్లుగా, పేజీలుగా సర్దే ప్రోగ్రామ్. లినక్స్‌లో మామూలుగా ఉంటుంది, విండోస్ వాళ్లు డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లోనే లినక్స్ నడిపించే సదుపాయం) పెట్టుకుంటే సరిపోతుంది. రెండోది హెర్క్యులిస్. రోజర్ బౌలర్ 1999లో బయటపెట్టిన ఎమ్యులేటర్ అది. ఐబీఎం సిస్టమ్/370 మెషీన్‌ను మొత్తంగా మీ లాప్‌టాప్‌లో నడిపిస్తుంది. దాని మీద ఎంవీఎస్ 3.8 ఆపరేటింగ్ సిస్టమ్‌ను సిద్ధంగా పెట్టి ఇచ్చే ప్యాకేజీలు టీకే4-, టీకే5 ఉచితంగా దొరుకుతాయి. యూజర్ పేర్లు, పాస్‌వర్డులు వాటితో వచ్చే డాక్యుమెంట్‌లోనే ఉంటాయి.

ఎన్‌రాఫ్ ఐబీఎం సాఫ్ట్‌వేర్ కాదు కదా, దాన్నెందుకు తెస్తున్నావు అంటారేమో. దాని వంశం చూడండి. 1964లో ఎంఐటీలో జెరోమ్ సాల్ట్‌జర్ తన పీహెచ్‌డీ ప్రతిపాదన టైప్ చేసుకోవడానికి రెండు ప్రోగ్రాములు రాసుకున్నాడు. టైప్‌సెట్ అనేది ఎడిటర్, రన్‌ఆఫ్ అనేది ఫార్మాటర్. అవి నడిచింది ఐబీఎం 7094 మెయిన్‌ఫ్రేమ్ మీద, సీటీఎస్ఎస్ అనే టైమ్‌షేరింగ్ సిస్టమ్‌లో, అంటే ఒకే కంప్యూటర్‌ను చాలామంది ఒకేసారి వాడుకునే ఏర్పాటులో. ఆ రన్‌ఆఫ్ నుంచి రెండు పాయలు పుట్టాయి. ఒకటి ఐబీఎం కేంబ్రిడ్జ్ సైంటిఫిక్ సెంటర్‌లో స్టువర్ట్ మాడ్నిక్ రాసిన స్క్రిప్ట్. రెండోది బెల్ ల్యాబ్స్‌కి చేరిన రాఫ్. రాఫ్ నుంచే ఎన్‌రాఫ్ వచ్చింది. కాబట్టి మీరు ఎన్‌రాఫ్‌లో కొట్టే ".సిఇ", ".ఎస్‌పి" దాదాపుగా సాల్ట్‌జర్ కొట్టినవే. ఆయన ".సెంటర్", ".స్పేస్" అని పూర్తిగా కొట్టినా ఊరుకునేది, అంతే తేడా.

మెట్టు 1: ముందు కాగితాన్ని కొలవండి

ఇప్పుడు మనం వర్డ్ తెరిచి టైప్ చేసేస్తాం, కాగితం సంగతి చివర్లో చూసుకుంటాం. ఆ రోజుల్లో తిరగేసి చేయాలి. ప్రింటర్‌లో ఎక్కించి ఉన్న కాగితం ఎంత పొడవు, ఎంత వెడల్పు, లైనుకి ఎన్ని అక్షరాలు, పేజీకి ఎన్ని లైన్లు. ఈ లెక్క తేలకుండా ఒక్క వాక్యం కూడా మొదలుపెట్టకండి.

లెక్క తేలికే. ఆ కాలం లైన్ ప్రింటర్లలో రాజు ఐబీఎం 1403. 1959లో 1401 కంప్యూటర్‌తో పాటు వచ్చింది. అంగుళానికి 10 అక్షరాలు, లైనుకి 132 స్థానాలు. అంటే అచ్చు వెడల్పు 13.2 అంగుళాలు. నిలువుగా అంగుళానికి 6 లైన్లు (8 కూడా పెట్టుకోవచ్చు). 11 అంగుళాల ఫారానికి 6 చొప్పున 66 లైన్లు. ఆకుపచ్చ చారల వెడల్పు కాగితం గుర్తుందా? ఇళ్లలో పిల్లలు వెనక వైపు లెక్కలు చేసుకునేవారు. అదే ఇది.

మనం రాసేది ఉత్తరం లాంటి డాక్యుమెంట్ కాబట్టి 132 స్థానాలూ నింపక్కర్లేదు. అంత పొడుగు లైను చదవడం కష్టం, కన్ను తర్వాతి లైను మొదలు వెతుక్కోలేదు. 60 అక్షరాలు పెట్టుకుందాం, అంటే 6 అంగుళాలు. పైన 6 లైన్లు, కింద 6 లైన్లు అంచు వదిలితే రాతకు మిగిలేవి 54. ఈ నాలుగు అంకెలూ (66, 60, 6, 54) ఒక చీటీ మీద రాసి పక్కన పెట్టుకోండి. చివరిదాకా ఇవే నడిపిస్తాయి.

60 ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మన రాత చివరికి పంచ్ కార్డుల (బెజ్జాలు కొట్టిన అట్టముక్కల) రూపంలో మెయిన్‌ఫ్రేమ్‌లోకి వెళ్తుంది. కార్డుకి 80 కాలమ్‌లు. అందులో 73 నుంచి 80 దాకా కార్డు వరుస నంబర్ల కోసం వదిలేయడం ఆనవాయితీ. మొదటి కాలమ్ ప్రింటర్‌ది. మిగిలేవి 71. 60 హాయిగా పడుతుంది.

మెట్టు 2: రాత ఫైల్

మామూలు ఎడిటర్‌లో ఒక ఫైల్ తెరిచి, పైన ఈ నాలుగు లైన్లు కొట్టండి:

.పిఎల్ 66
.ఎల్ఎల్ 60
.ఎన్‌హెచ్
.ఎడి బి

మొదటిది పేజీ పొడవు, రెండోది లైను పొడవు. మూడోది మాటల్ని హైఫన్ పెట్టి విరవొద్దని. నాలుగోది రెండు అంచులూ సరిగ్గా రావాలని. చుక్కతో మొదలయ్యే లైను ఆజ్ఞ, మిగతాదంతా రాత. రెండూ ఒకే ఫైల్‌లో పక్కపక్కనే ఉంటాయి, కానీ అచ్చులో ఆజ్ఞలు కనిపించవు.

ఆ కింద మీ రాత కొట్టండి, ఇంగ్లిష్‌లోనే. ఈ మెషీన్లకి తెలుగు తెలియదు. 7094 మెమరీలో ఒక్కో గడికి 36 బిట్లు, అందులో ఆరేసి బిట్ల చొప్పున ఆరు అక్షరాలు. ఆరు బిట్లంటే 64 గుర్తులు. అంకెలు, విరామ చిహ్నాలతో కలిపితే చిన్నబడి, పెద్దబడి ఇంగ్లిష్ అక్షరాలు రెండూ కూడా పట్టవు. అందుకే సాల్ట్‌జర్ లాంటివాళ్లు చిన్నబడి కావాలంటే అక్షరానికి 12 బిట్లు వాడుకోవాల్సి వచ్చింది. ఇక గుణింతాలు, ఒత్తుల మాట ఎత్తకండి.

టైప్ చేసేటప్పుడు లైను ఎక్కడ తెంచాలా అని ఆలోచించొద్దు. ఒక్కో వాక్యం ఒక్కో లైనులో కొట్టడం మంచి అలవాటు. తర్వాత ఒక వాక్యం తీసేయాలన్నా, జరపాలన్నా ఒక్క లైను పని. ఇందులో ఇంకో లాభం ఉంది. లైను చివర పూర్ణవిరామం కనిపిస్తే ఎన్‌రాఫ్ దాన్ని వాక్యం ముగింపుగా గుర్తించి, అచ్చులో రెండు ఖాళీలు వదులుతుంది. పాత టైపిస్టుల పద్ధతి.

పేరాకి పేరాకి మధ్య ".ఎస్‌పి 1" పెట్టండి. మొదటి లైను కొంచెం లోపలికి కావాలంటే ".టిఐ 5". శీర్షిక మధ్యలో రావాలంటే దాని పైన ".సిఇ". పట్టికలు, చిరునామాలు సర్దొద్దు, ఉన్నవి ఉన్నట్టు ఉంచు అనడానికి ముందు ".ఎన్ఎఫ్", తర్వాత ".ఎఫ్ఐ". ఈ రెండోది మర్చిపోతే ఆ తర్వాత డాక్యుమెంట్ అంతా సర్దకుండా చిందరవందరగా వస్తుంది. అందరూ మర్చిపోతారు, మీరూ ఒకసారి మర్చిపోతారు.

మెట్టు 3: ఫార్మాటర్ చేసే పనిని ఒక్కసారి చేత్తో చేయండి

ఇది దాటేయకండి, ఐదు నిమిషాల పని. లైను పొడవు 30 అనుకోండి. మీ రాతలో వరసగా 7, 5, 9, 4, 6 అక్షరాల మాటలున్నాయి. ఫార్మాటర్ ఒక్కో మాటా తీసుకుంటూ లైను నింపుతుంది. 7, ఒక ఖాళీ, 5, మొత్తం 13. ఇంకో ఖాళీ, 9, మొత్తం 23. ఇంకో ఖాళీ, 4, మొత్తం 28. తర్వాతి మాట 6 అక్షరాలు, ఖాళీతో కలిపి 7. 35 అవుతుంది, పట్టదు. కాబట్టి నాలుగు మాటలతో లైను ఆగిపోయింది. 28 వచ్చింది, 30 కావాలి, ఇంకా రెండు ఖాళీలు కావాలి. మాటల మధ్య సందులు మూడు. రెండు సందుల్లో ఒక్కో ఖాళీ అదనంగా దూరిస్తే లైను కుడి అంచుకి అతుక్కుంటుంది.

ఏ రెండు సందులు? ఎప్పుడూ ఎడమ వైపు నుంచే దూరిస్తూ పోతే పేజీలో ఎడమ సగం పల్చగా, కుడి సగం చిక్కగా కనిపిస్తుంది. అందుకని పాత ఫార్మాటర్లు ఒక లైనుకి ఎడమ నుంచి, తర్వాతి లైనుకి కుడి నుంచి దూర్చేవి. ఎంత తెలివో చూడండి, ఒక్క బిట్ గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇది చేసి చూశాక ఒక సంగతి మీకే తెలుస్తుంది. లైను 30 పెట్టి, మాటలు పెద్దవైతే సందులు నోళ్లు తెరుస్తాయి. సన్నటి లైనుకి రెండు అంచులూ సమం చేయకండి, ".ఎన్ఎ" పెట్టి కుడి అంచు వదిలేయండి. నన్నడిగితే 60కి కూడా వదిలేయడమే నయం. కానీ ఆ రోజుల్లో రెండు అంచులూ సమంగా రావడమంటే కంప్యూటర్ చేసిందన్న దర్జా. టైప్‌రైటర్‌తో అలా చేయాలంటే ప్రతి లైనూ రెండుసార్లు కొట్టాలి మరి.

మెట్టు 4: పేజీకి తల, పాదం

ఎన్‌రాఫ్‌కి మనం చెప్పకపోతే అంచులు వదలదు. మొదటి పేజీ మొదటి లైను నుంచి మొదలుపెట్టి 66వ లైను దాకా నింపేస్తుంది. ఫైల్ మొదట్లో, ఆ నాలుగు లైన్ల కిందే, ఇది చేర్చండి:

.డిఇ హెచ్‌డి
'ఎస్‌పి 6
..
.డిఇ ఎఫ్‌ఓ
'ఎస్‌పి 2
.టిఎల్ ''- % -''
'బిపి
..
.డబ్ల్యుహెచ్ 0 హెచ్‌డి
.డబ్ల్యుహెచ్ -6 ఎఫ్‌ఓ

చూడ్డానికి మంత్రంలా ఉంది కానీ విషయం ఇంతే. ".డిఇ" నుంచి రెండు చుక్కల దాకా ఒక చిన్న కట్ట, దానికో పేరు. హెచ్‌డి పేజీ తల: ఆరు లైన్లు వదులు. ఎఫ్‌ఓ పాదం: రెండు లైన్లు వదిలి, మధ్యలో పేజీ నంబరు వేసి, కొత్త పేజీకి వెళ్లు. చివరి రెండు లైన్లు వలలు. 0వ లైను రాగానే తల కట్టను నడుపు, పేజీ అడుగు నుంచి ఆరు లైన్లు ఉండగా పాదం కట్టను నడుపు. శాతం గుర్తు ఉన్నచోట పేజీ నంబరు వచ్చి కూర్చుంటుంది.

కొన్ని ఆజ్ఞల ముందు చుక్కకు బదులు అపాస్ట్రఫీ (') గుర్తు ఉంది, గమనించారా? చుక్క పెడితే అప్పటిదాకా సగం నిండిన లైనును అక్కడికక్కడే తెంచేస్తుంది. పేజీ సరిగ్గా పేరా మధ్యలో మారుతుంటే ఆ లైను అర్ధాంతరంగా ఆగి, మిగతా మాటలు కొత్త పేజీలో కొత్త లైనుగా మొదలవుతాయి. అపాస్ట్రఫీ పెడితే తెంచదు, సగం లైను చేతిలో పట్టుకునే పేజీ దాటుతుంది. దీని దగ్గర నేను ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను.

ఇప్పుడు నడపండి: "ఎన్‌రాఫ్ -టి ఆస్కీ", ఆపైన ఫైల్ పేరు, ఫలితాన్ని ఇంకో ఫైల్‌లోకి మళ్లించండి. ఆస్కీ అనకపోతే వంకర కొటేషన్లు, పొడుగు డాష్‌లు వచ్చి చేరతాయి. మెయిన్‌ఫ్రేమ్ వాటిని గుర్తుపట్టదు. వచ్చిన ఫైల్‌లో లైన్లు లెక్కపెడితే 66 చొప్పున రావాలి. 66తో భాగించి శేషం మిగిలితే ఎక్కడో పొరపాటుంది.

మెట్టు 5: చుక్కతో జాగ్రత్త

మీ రాతలో ఎక్కడో ".5 శాతం" అని ఉంది. టైప్ చేస్తుంటే అది లైను మొదట్లో పడింది. అచ్చులో ఆ లైను మొత్తం మాయం. తప్పు అని కూడా చెప్పదు. ఎందుకంటే చుక్కతో మొదలైంది కాబట్టి ఆజ్ఞ అనుకుంది, "5" అనే ఆజ్ఞ లేదు కాబట్టి గుట్టుగా వదిలేసింది. పోయిందని పాఠకుడు కూడా కనిపెట్టలేడు, వాక్యం కాస్త తేడాగా ఉంటుంది, అంతే. ఒప్పందాల్లో, ధరల పట్టికల్లో ఇది కొంప ముంచుతుంది. విరుగుడు: ఆ చుక్క ముందు వెనక్కి వాలిన గీత, దాని పక్కన యాంపర్సండ్ గుర్తు కొట్టండి. అచ్చులో కనపడదు, కానీ లైను చుక్కతో మొదలవ్వదు. లేదా ఎప్పుడూ "0.5" అని రాయండి. అపాస్ట్రఫీ గుర్తుతో మొదలయ్యే లైన్లకూ ఇదే గతి.

మెట్టు 6: ఒకటో కాలమ్ మీది కాదు

ఇక నా 957 కథ. మెయిన్‌ఫ్రేమ్ అచ్చు వ్యవహారంలో ప్రతి లైనులో మొదటి అక్షరం ముద్రించడానికి కాదు, ప్రింటర్‌కి చెప్పడానికి. దాన్ని క్యారేజ్ కంట్రోల్ అంటారు. గుర్తుపెట్టుకోవాల్సినవి ఐదే:

ఖాళీ అయితే ఒక లైను జరిగి ముద్రించు. 0 అయితే రెండు లైన్లు జరిగి ముద్రించు. మైనస్ గుర్తు అయితే మూడు. 1 అయితే కొత్త పేజీకి పోయి ముద్రించు. ప్లస్ గుర్తు అయితే అసలు కదలకు, ముందు లైను మీదే మళ్లీ ముద్రించు.

నా జాబితాలో సంవత్సరాలన్నీ ఒకటో కాలమ్‌లో మొదలయ్యాయి. ప్రింటర్ 1ని చూసి కొత్త పేజీకి పోయింది, ఆ 1ని మింగేసి 957 ముద్రించింది. అది చేసిన దాంట్లో తప్పేమీ లేదు. 2000 తర్వాతి సంవత్సరాలైతే పేజీ మారేది కాదు, 2 అనే కోడ్‌కి ఇంకో అర్థం ఉంది. ఆ గొడవ వేరే.

"కొత్త పేజీ" అంటే ఎక్కడికి? 1403 పక్కన ఒక చిన్న కాగితపు టేపు ఉంగరంలా చుట్టి ఉండేది, ఫారం కదిలే కొద్దీ అదీ తిరుగుతుంది. దాని మీద 12 వరసలు, అంటే ఛానెళ్లు. 1వ ఛానెల్‌లో బెజ్జం ఉన్న చోటే పేజీ మొదలు. 12వ ఛానెల్ బెజ్జం పేజీ అడుగుకు వచ్చామని చెబుతుంది. ఆ బెజ్జం ఎక్కడ కొట్టాలో కంప్యూటర్ గది వాళ్ల ఇష్టం. మొదటి లైనులో కాకుండా నాలుగో లైనులో కొట్టిన టేపు ఎక్కించి ఉంటే మీ పేజీ 66 లైన్లు పట్టదు, మూడు లైన్లు తర్వాతి ఫారం మీదికి పారతాయి. అందుకని మన ఫైల్‌లో ప్రతి పేజీ చివరనున్న ఖాళీ లైన్లను, పేజీ నంబరు కిందవి, తీసేయడమే మేలు. కిందికి జరిపే పని ప్రింటర్‌కే వదిలేయండి.

మరి మన ఫైల్‌కి ఈ మొదటి కాలమ్ ఎలా తగిలించాలి? పైథాన్‌లోనో, ఆక్‌లోనో నాలుగు లైన్ల పని. ఫైల్‌ను 66 లైన్ల చొప్పున తీసుకోండి. ప్రతి కట్టలో మొదటి లైను ముందు 1, మిగతా అన్నిటి ముందు ఒక ఖాళీ. ఆ తర్వాత కట్ట చివరి ఖాళీ లైన్లు తీసేయండి. ఈ క్రమం తప్పొద్దు. ముందే ఖాళీలు తీసేస్తే 66 లెక్క చెడిపోతుంది.

మెట్టు 7: జాబ్ పెట్టడం

ఫైల్ నెత్తిన జేసీఎల్ కార్డులు, అన్నీ పెద్దబడిలో. ఒకటి, జాబ్ కార్డు: పేరు, క్లాస్, మెసేజ్ క్లాస్, యూజర్, పాస్‌వర్డ్. రెండు, ఎగ్జెక్ కార్డు: ప్రోగ్రామ్ ఐఈబీజెనర్. ఒక చోటు నుంచి ఇంకో చోటుకి కాపీ చేయడం తప్ప దానికింకేమీ తెలియదు, మనకి కావాల్సిందీ అదే. మూడు, సిస్‌ప్రింట్ డీడీ, సిస్‌అవుట్=ఎ (డీడీ కార్డు అంటే ప్రోగ్రామ్ దేన్ని చదవాలో, ఎక్కడ రాయాలో చెప్పేది). నాలుగు, సిస్ఇన్ డీడీ, డమ్మీ. ఐదోది అసలైనది:

సిస్‌యూటీ2 డీడీ సిస్‌అవుట్=ఎ, డీసీబీ=(రెక్ఎఫ్ఎమ్=ఎఫ్‌బీఏ, ఎల్‌రెక్ఎల్=80, బ్లాక్‌సైజ్=80)

ఆరు, సిస్‌యూటీ1 డీడీ స్టార్. దాని కింద మన డాక్యుమెంట్ మొత్తం. చివర స్లాష్, స్టార్.

ఐదో కార్డులో ఎఫ్‌బీఏ చివరనున్న "ఎ" ఉంది చూశారా, ఈ మార్గదర్శి మొత్తం దాని మీదే నిలబడింది. "మొదటి కాలమ్ కంట్రోల్ అక్షరం" అని ప్రింటర్ వైపుకి చెప్పేది ఆ ఒక్క అక్షరమే. అది మర్చిపోతే మీ 1లు, ఖాళీలు అన్నీ రాతలో భాగంగా ముద్రితమవుతాయి, పేజీ విరగదు. అది పెట్టి, కంట్రోల్ కాలమ్ పెట్టకపోతే నాకు జరిగింది జరుగుతుంది. ఉంటే రెండూ ఉండాలి, లేకపోతే రెండూ వద్దు.

టీకే4-లో కార్డ్ రీడర్ ఒక నెట్‌వర్క్ పోర్టులా ఉంటుంది, నంబరు 3505, అసలు కార్డ్ రీడర్ మోడల్ నంబరే అది. నెట్‌క్యాట్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో ఫైల్‌ను ఆ పోర్టుకి పంపితే కార్డుల కట్ట ట్రేలో పెట్టినట్టే. అలా కాకుండా 3270 (మెయిన్‌ఫ్రేమ్ టెర్మినల్) తెర మీద ఎడిటర్‌లో అతికించి సబ్మిట్ చేస్తే ఒక చిక్కు. ఎడిటర్ నంబర్లు వేసే మోడ్‌లో ఉంటే 73 నుంచి 80 కాలమ్‌లలో ఎనిమిది అంకెల వరస నంబర్లు చేరి, అవీ కాగితం కుడి అంచున ముద్రితమవుతాయి. ఆ మోడ్ ఆపేయండి.

జాబ్ అయ్యాక హెర్క్యులిస్ ఫోల్డర్‌లో ప్రింటర్ పేరుతో ఉన్న టెక్స్ట్ ఫైల్ తెరవండి. అదే మీ 1403 కాగితం. మొదట కనిపించేది మీ రాత కాదు. మీ జాబ్ పేరు చిన్న చిన్న అక్షరాలు పేర్చి కట్టిన పెద్ద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆపరేటర్ దూరం నుంచే పేరు చూసి, అక్కడ చింపి, మీ అరలో పడేయడానికి ఆ పేజీ. నా కట్ట నా టేబుల్ మీదికి సరిగ్గా వచ్చింది కూడా దాని పుణ్యమే.

మెట్టు 8: గీత కొట్టడం, దళసరి అక్షరం

ప్లస్ గుర్తు ఉపయోగం ఇక్కడే. ఒక శీర్షిక కింద గీత కావాలంటే, శీర్షిక లైను కింద ఇంకో లైను చేర్చండి. మొదటి కాలమ్‌లో ప్లస్, ఆపైన శీర్షిక అక్షరాలు ఉన్న చోట్ల మాత్రం కింది గీతలు. దళసరిగా కావాలంటే అదే లైనును ప్లస్‌తో మళ్లీ ఇవ్వండి. ఒకే చోట రెండోసారి దెబ్బ పడుతుంది, సిరా ముదురుతుంది.

దెబ్బ అని ఊరికే అనలేదు. 1403లో అక్షరాలు ఒక గొలుసు మీద ఉండి అడ్డంగా తిరుగుతుంటాయి. కాగితం వెనక 132 సుత్తులు. కావాల్సిన అక్షరం ఎదురుగా వచ్చిన క్షణంలో ఆ స్థానంలోని సుత్తి కాగితాన్ని వెనక నుంచి రిబ్బన్ మీదికి, గొలుసు మీదికి కొడుతుంది. గొలుసు మీద 240 అక్షరాలు. మామూలుగా 48 గుర్తుల జట్టు ఐదుసార్లు ఉంటుంది. అందుకే వేగం, నిమిషానికి 600 లైన్లు, తర్వాతి ఎన్1 మోడల్ 1100. చిన్నబడి కూడా కావాలంటే 120 గుర్తుల టీఎన్ గొలుసు ఎక్కించాలి. దాని మీద ఒక్కో అక్షరం రెండే రెండుసార్లు ఉంటుంది, అది ఎదురుగా వచ్చేదాకా ఆగాలి, వేగం బాగా పడిపోతుంది. అందమైన డాక్యుమెంట్ ముద్రించాలంటే ఆపరేటర్‌ను బతిమాలి గొలుసు మార్పించుకోవాలి. జీతాల బిల్లుల మధ్యలో మీ మెమో కోసం ఎవరు మారుస్తారు?

హెర్క్యులిస్‌లో ఈ బాధ లేదు, కానీ ప్లస్ లైన్లు టెక్స్ట్ ఎడిటర్‌లో విడివిడిగానో, ఒకదాన్ని ఒకటి మింగేసో కనిపించొచ్చు. ఫైల్ తప్పు కాదు, చూపించే ప్రోగ్రామ్‌కి ఒకదాని మీద ఒకటి ముద్రించడం రాదు.

మధ్యలో ఒక మాట: ఈ అంకెల చెర ఎలా వీడింది

ఇన్ని మెట్లలో మీకు విసుగు పుట్టే ఉంటుంది. ".ఎస్‌పి 1", ".టిఐ 5" అని ప్రతి పేరాకీ రాసుకుంటూ పోయారు. రేపు కాగితం మారి, పేరాల మధ్య రెండు లైన్లు వదలమంటే ప్రతిచోటా మార్చాలి. ఐబీఎంలో చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ 1969లో ఈ బాధకే మందు కనిపెట్టారు. "ఐదు ఖాళీలు వదులు" అనొద్దు, "ఇది పేరా" అని మాత్రం చెప్పు, ఎన్ని ఖాళీలో వేరే చోట రాసుకుందాం అన్నారు. పేరు జీఎంఎల్, ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కూడా అవే. స్క్రిప్ట్ ఫార్మాటర్ మీద అది ":పి.", ":హెచ్1.", ":ఓఎల్.", ":ఎల్ఐ." అని నడిచేది. వెబ్ పేజీల కోడ్ చూసినవాళ్లకి ఈ అక్షరాలు ఎక్కడివో చెప్పక్కర్లేదు. జీఎంఎల్ నుంచి ఎస్‌జీఎంఎల్ (1986లో అంతర్జాతీయ ప్రమాణం అయింది), దాని వరసలో హెచ్‌టీఎంఎల్.

మన ఫైల్‌లోనూ ఈ పని చేసుకోవచ్చు. ".డిఇ పిపి" అని మొదలుపెట్టి లోపల ".ఎస్‌పి 1", ".టిఐ 5" పెట్టి రెండు చుక్కలతో మూసేయండి. ఇక ప్రతి పేరా ముందూ ".పిపి" చాలు. అంకెలు ఒక్కచోటే ఉంటాయి. తల, పాదం కట్టల పక్కనే దీన్నీ పెట్టుకోండి.

మెట్టు 9: చూసుకోవడం, మళ్లీ ముద్రించడం

అచ్చు వచ్చాక ముందు చూడాల్సింది అంచులు. మొదటి పేజీ మొదటి లైను, రెండో పేజీ మొదటి లైను ఒకే ఎత్తులో ఉన్నాయా? ఒక్క లైను తేడా ఉన్నా పదో పేజీకి అది తొమ్మిది లైన్ల తేడా అవుతుంది. అంటే ఎక్కడో 1 పడలేదు, లెక్క పైనుంచి జారుతోంది. తర్వాత పేజీ నంబర్లు వరసగా ఉన్నాయో లేదో. తర్వాత ప్రతి లైనూ మొదటి అక్షరంతో సహా వచ్చిందా. ఎక్కడైనా మాట తల తెగి కనిపిస్తే కంట్రోల్ కాలమ్ మింగేసిందని అర్థం.

నిజం ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుపోవడం రోజూ ఉండేదే. అరవై పేజీల డాక్యుమెంట్‌లో ఏడో పేజీ నలిగితే మొత్తం మళ్లీ ముద్రించనక్కర్లేదు. ఎన్‌రాఫ్‌కి "-ఓ 7" అని ఇస్తే ఏడో పేజీ ఒక్కటే, "-ఓ 7-" అని ఇస్తే ఏడు నుంచి చివరిదాకా ఇస్తుంది. పేజీ నంబర్లు అవే ఉంటాయి, లైన్ల కోత అదే ఉంటుంది. వచ్చిన ముక్కకి మళ్లీ 66 లెక్కతో మొదటి కాలమ్ తగిలించి, అదే జేసీఎల్ కింద పెట్టి పంపండి. నలిగిన పేజీ తీసి, దాని చోట ఇది పెట్టి, చిల్లుల అంచులు చింపేయండి.